బీడ్‌లాక్ చక్రాల్లో గాలి ఎక్కడ పోతోంది: నా అనుభవం

మెల్లగా గాలి దిగే టైరు పంచరైన టైరు కన్నా ఎక్కువ విసిగిస్తుంది. పంచరైతే మేకు కనిపిస్తుంది, పీకి ప్యాచ్ వేస్తారు, పనైపోతుంది. నా జీపు చక్రాల్లో మేకూ లేదు, కోతా లేదు. ఆదివారం కొట్టిన గాలి బుధ, గురువారాలకి సగానికి దిగేది. నాలుగు చక్రాలదీ అదే వరస, కాకపోతే ఒక్కోటి ఒక్కో వేగంతో.

బీడ్‌లాక్ గురించి తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. మామూలు చక్రంలో టైరు అంచును, అంటే బీడును, రిమ్ముకు అదిమి పట్టి ఉంచేది లోపలున్న గాలే. రాళ్ళలో, ఇసుకలో పట్టు దొరకాలని గాలిని 30 పీఎస్ఐ (టైరులో గాలి పీడనం కొలత) నుంచి 10, 12కి దించితే ఆ అదుము తగ్గిపోతుంది. అప్పుడు స్టీరింగ్ గట్టిగా తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడి వస్తుంది. బీడ్‌లాక్‌లో బయటి వైపు బీడును రిమ్ముకూ ఒక ఇనుప రింగుకూ మధ్య పెట్టి చుట్టూ బోల్టులతో బిగిస్తారు కాబట్టి ఆ పక్క ఊడదు. మా కడప వైపు రెడీమేడ్‌గా కొన్నవాళ్ళు తక్కువ. ఇనుప డిస్కు, అంటే రిమ్ము, అంచు కోసి, రింగు కిట్టు వెల్డింగ్ చేయించుకోవడమే ఎక్కువ. నావీ అలాంటివే. 15 అంగుళాల డిస్కులు, 31 అంగుళాల మడ్ టైర్లు, చక్రానికి 32 ఎం8 (8 మిల్లీమీటర్ల మందం) బోల్టులు.

వీటితో నేను రోడ్డెక్కను. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చూపించి ఎవరైనా ఆపితే సమాధానం చెప్పుకోలేం. ఎర్రగుంట్ల దగ్గర మా బావకు తెలిసినవాళ్ళ పాత నాపరాయి క్వారీ ఉంది, పని ఆగిపోయిన గుంత. అక్కడిదాకా మామూలు డిస్కుల మీద వెళ్తాం, ఈ చక్రాలు ట్రాలీలో వస్తాయి. అక్కడ దిగాక మార్చుకుంటాం.

గాలి ఎంత పోతోందో ముందు సరిగ్గా తెలియాలి. ఎండాకాలం మా ఊళ్ళో సాయంత్రానికి కూడా 40 డిగ్రీలుంటుంది. అప్పుడు 15 పీఎస్ఐ కొట్టిన టైరును చల్లబడ్డాక 20 డిగ్రీల్లో కొలిస్తే 13 చూపిస్తుంది. లీకు ఏమీ లేకపోయినా సరే, గాలి చల్లబడితే పీడనం తగ్గుతుంది, అంతే. మన దగ్గర ఒక్క రాత్రిలో అంత తేడా రాదు గానీ, ఒక పీఎస్ఐ అటూ ఇటూ రావడం మామూలే. ఇది లెక్కలోకి తీసుకోకుండా "రాత్రికి రాత్రి దిగిపోయింది" అని కంగారుపడే వాళ్ళు చాలామంది. అందుకని ఎండ రాకముందు, బండి కదలకముందు, ఒకే గేజుతో కొలిచి సుద్దముక్కతో టైరు మీదే రాసేవాణ్ణి. గేజు మారిస్తే ఆ అంకెలకి విలువ లేదు. పంచర్ షాపు గేజుకీ నా దానికీ రెండు పీఎస్ఐ తేడా ఉంది. 35 కొట్టేటప్పుడు ఆ తేడా ఎవరికీ పట్టదు, 12 దగ్గర మాత్రం చాలా పెద్దది.

అలా రాసుకుంటూ పోతే రెండు చక్రాలు మిగతా వాటి కన్నా బాగా త్వరగా దిగుతున్నాయని తేలింది. నాలుగూ ఒకేలా పాడయ్యాయని అప్పటిదాకా అనుకుంటున్నా. నిజానికి నాలుగింటిలో నాలుగు జబ్బులు.

ఎర్రగుంట్ల రోడ్డులో సిమెంటు లారీలకు టైర్లు మార్చే పంచర్ షాపు భాయ్ ఒకాయన ఉన్నాడు. చక్రం చూడగానే "ఇది లారీ లాక్ రింగు మాదిరే కదన్నా?" అన్నాడు. కాదు. పాత లారీ రిమ్ముల్లో లాక్ రింగు గాడిలో కూర్చుంటుంది, లోపల ట్యూబు ఉంటుంది, సరిగ్గా కూర్చోకపోతే గాలి కొట్టేటప్పుడు ఎగిరి మనిషిని చంపగలదు. ఇది బోల్టుల మీద నిలిచే రింగు, లోపల ట్యూబు లేదు. కానీ జాగ్రత్త ఒకటే: వాల్వ్ పిన్ను పీకి గాలంతా పోయిందని చూసుకోకుండా ఒక్క బోల్టు కూడా వదులు చేయకూడదు. ఆ మాట నేను చెప్పక ముందే ఆయన పిన్ను పీకేశాడు. లారీల మీద పనిచేసిన చేతులకి ఆ భయం ఉంటుంది, ఉండాలి కూడా.

సర్ఫు నీళ్ళు చల్లితే రింగు బోల్టుల తలల దగ్గర సన్న బుడగలు వచ్చాయి. అందరం అనుకున్నట్టే రింగుదే తప్పు, బిగిస్తే పోతుంది అన్నాను. భాయ్ ఒప్పుకోలేదు. "బుడగ వచ్చేది ఒక చోట, గాలి పోయేది ఒక చోటన్నా. మిద్దె కారినట్టే. కారేది ఇంట్లో, చీలిక యాడో పైన." ఈ పని మొత్తంలో నాకు బాగా పనికొచ్చిన మాట అది. బోల్టులు బీడుకు బయట ఉంటాయి. లోపలి గాలి వాటి దాకా రావాలంటే ముందు బీడునో వెల్డింగునో దాటాలి. దాటాక రింగు కింద సందులో తిరిగి, ఎక్కడ వదులుంటే అక్కడ బయటపడుతుంది.

సబ్బు నీళ్ళతో అంతకన్నా తేలదని చీనీ తోటలో బోరు నీళ్ళు పడే సిమెంటు తొట్టి దగ్గరికి తీసుకెళ్ళాం. చెప్పినంత సులువు కాదు. ఇంత పెద్ద టైరు, అంత బరువున్నా, నీళ్ళలో తేలుతుంది. నేనూ మా బావా ఒక పక్క నాపరాయి పెట్టి, ఇంకో పక్క మోకాళ్ళతో నొక్కితే సగం మునిగింది. సగం చూసి, తిప్పి, మళ్ళీ సగం. వాల్వ్ ఉన్న చోటును గడియారంలో 12 అనుకుని, బుడగ వచ్చిన చోటును "నాలుగు దగ్గర, లోపలి వైపు" అని సుద్దతో గుర్తు పెట్టుకున్నాం.

ఇంటర్నెట్‌లో అందరూ గాలి ఎక్కువ కొట్టి చూడమంటారు. అది సగమే నిజం. వెల్డింగులో సన్న రంధ్రం ఉంటే గాలి ఎక్కువైన కొద్దీ బుడగలు జోరుగా వస్తాయి, కాబట్టి దానికి ఆ సలహా పనిచేస్తుంది. బీడు దగ్గర లీకైతే తిరగబడుతుంది. 35 దగ్గర టైరు రిమ్ముకు గట్టిగా అదుముకుని లీకు మూసుకుపోతుంది, 10కి దించితే మళ్ళీ మొదలవుతుంది. అందుకే ప్రతి చక్రాన్నీ రెండు పీడనాల దగ్గరా ముంచాం. ఎక్కువలో లీకై, తక్కువలో తగ్గితే ఇనుము మీద అనుమానం. తక్కువలోనే లీకైతే బీడు మీద అనుమానం. ఈ ఒక్క తేడాతో సగం వెతుకులాట తప్పింది.

మొదటి చక్రానిది చాలా చిన్న సంగతి. వాల్వ్ కోసం డిస్కుకు వేసిన రంధ్రం అంచున గరుకు మిగిలిపోయి, రబ్బరు వాల్వ్ మెడను కొద్దికొద్దిగా కోస్తోంది. ఆకురాయితో అంచు నున్నగా చేసి, రబ్బరుది తీసి నట్టుతో బిగించే ఇత్తడి వాల్వ్ వేశాం. రాళ్ళలో తిరిగే బండికి ఎలాగూ అదే మేలు.

రెండోదాంట్లో లీకు లోపలి వైపు. బీడ్‌లాక్ అనగానే రెండు వైపులా లాకు ఉంటుందనుకుంటారు. నాలాంటి చక్రాల్లో ఉండేది బయటి వైపే. లోపలి బీడు మామూలు టైరుకు లాగే గాలి మీద ఆధారపడి కూర్చుంటుంది. గాలి తగ్గించి క్వారీలో తిరిగినప్పుడు అది కొద్దిగా కదులుతుంది, ఆ సందులోకి రాతి పొడి చేరుతుంది. మా నాపరాయి పొడి పిండిలా సన్నగా ఉంటుంది, పోని చోటు లేదు. టైరు విప్పితే రిమ్ము మీద బీడు కూర్చునే చోటంతా తెల్లగా పేరుకుని ఉంది. దాని కింద పాత పెయింటు పొరలుగా లేచి, తుప్పు. వైర్ బ్రష్షుతో రుద్ది, సన్న ఎమరీ పేపరుతో నున్నగా చేసి, పల్చగా ప్రైమర్ కొట్టాం. మందంగా పెయింటు కొడితే మళ్ళీ అదే పొరలుగా లేస్తుంది. టైరు బీడును గుడ్డతో తుడిచి, అచ్చులో మిగిలిన సన్నటి రబ్బరు వెంట్రుకలను బ్లేడుతో తీసేశాం. ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళే వాడాం. గ్రీజు, ఆయిలు రబ్బరును పాడుచేస్తాయి.

మూడోది అసలు తలనొప్పి. డిస్కు అంచు కోసి రింగు అతికించిన చోట వెల్డింగులో లీకు. పైకి చూస్తే అతుకు అందంగానే ఉంది. ఆ పని చేసిన షాపుకు తీసుకెళ్తే, "టైరు తీయడమెందుకు నాయనా, గాలి తీసేసి పైన రెండు చుక్కలు వేస్తే సరిపోతుంది" అన్నారు. అక్కణ్ణుంచి చక్రం వెనక్కి తెచ్చుకున్నాను. టైరు ఎక్కించి ఉన్న చక్రానికి వెల్డింగ్ చేయడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడం. గాలి తీసేసినా సరే, వేడికి లోపల రబ్బరు కాలి పొగలు పుట్టి, టైరు బాంబులా పేలే ప్రమాదం ఉంది. ఈ ఒక్క విషయంలో ఎవరు ఎంత అనుభవం ఉందని చెప్పినా వినకండి.

ఇంకో చోట ట్రాక్టరు నీళ్ళ ట్యాంకర్లు చేసే వెల్డింగ్ పెద్దాయన దొరికాడు. టైరు విప్పిన డిస్కును ఆయనకిచ్చాను. ఆయన వెల్డింగ్ మిషను ముట్టుకోలేదు. అతుకుకు బయటి వైపు సున్నం పల్చగా పూసి ఎండబెట్టాడు. లోపలి వైపు గుడ్డతో డీజిలు తడిపాడు. "కిరసనాయిలైతే ఇంకా తొందరగా ఊరుతుంది, ఇప్పుడు యాడ దొరుకుతాంది" అన్నాడు. టీ తాగి వచ్చేసరికి తెల్లటి సున్నం మీద రెండు చోట్ల నల్లటి మచ్చలు తేలాయి. సూది మొన కూడా పట్టని రంధ్రాలు. వాటి మీదే మళ్ళీ వెల్డింగ్ పొయ్యకుండా, గ్రైండరుతో లోతుగా చెక్కి, డీజిలంతా తుడిచి, మెరిసే ఇనుము కనిపించాక కొత్తగా నింపాడు. పైపైన పూస్తే లోపలి బుడగ అలాగే ఉండిపోతుందట. మళ్ళీ సున్నం, మళ్ళీ డీజిలు. ఈసారి మచ్చ రాలేదు. చేయించుకునే రోజే కొత్త చక్రాలన్నిటికీ టైరు ఎక్కించకముందు ఈ పరీక్ష చేయించుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి.

నాలుగో చక్రంలో మాత్రం నిజంగానే రింగు తేడా. ఎవరో గన్నుతో, అంటే బోల్టులు బిగించే మిషనుతో, బిగించారు. కొన్ని బోల్టులు గట్టిగా, కొన్ని వదులుగా, రింగు అలలా వంగి ఉంది. మా వంటింటి గట్టుకు తెచ్చి మిగిలిపోయిన పాలిష్ కడప బండ మీద రింగును పడుకోబెట్టి, చుట్టూ ఫీలర్ గేజ్ (సందు ఎంతుందో కొలిచే సన్న రేకులు) పెట్టి చూస్తే ఎక్కడ లేచిందో తెలిసింది. దాన్ని సరిచేయించి, బోల్టులన్నీ కొత్తవి, 8.8 గ్రేడువి, కొన్నాను. పాతవాటి మరలు సాగిపోయి ఉన్నాయి, వాటి మీద టార్క్ రెంచ్ (ఎంత బిగువుగా తిప్పుతున్నామో కొలిచే పానా) చూపించే అంకెను నమ్మలేం.

బిగించే పద్ధతిలో తొందర పనికిరాదు. ముందు 32 బోల్టులూ చేత్తో తిప్పి పట్టించాలి. తర్వాత 13 నంబరు సాకెట్‌తో, ఎదురెదురు బోల్టులు మారుస్తూ, మొదట 10 న్యూటన్ మీటర్ల బిగువు, తర్వాత 18, చివరికి నా కిట్టుకు చెప్పిన 24. అక్కడితో అయిపోదు. ఒకటి బిగిస్తే కింద రబ్బరు అణిగి పక్కది వదులవుతుంది. కాబట్టి చివర్లో వరసగా చుట్టూ తిరుగుతూ ఏ బోల్టూ కదలనంత వరకూ చూడాలి. నాకు చెయ్యి నొప్పి పుట్టింది, మా బావకు విసుగు పుట్టింది. "గన్నుతో అయితే ఐదు నిమిషాలు గదా బావా" అని ఒకటే గోల. కొంతదూరం తిరిగాక చల్లటి టైరు మీద మళ్ళీ రెంచ్ పెట్టి చూస్తే చాలా బోల్టులు కొద్దికొద్దిగా తిరిగాయి. అది తప్పు కాదు, రబ్బరు సర్దుకోవడం. బోల్టుల మరలకు గ్రీజు రాస్తే మాత్రం అదే 24 దగ్గర బోల్టు ఇంకా ఎక్కువ బిగుస్తుందని గుర్తుంచుకోవాలి.

మధ్యలో చాలామంది లోపల సీలెంట్, అంటే లీకు మూసే జిగురు ద్రవం, పోసెయ్యమన్నారు. దారిలో చిక్కుకుంటే ఇంటికి చేరడానికి అది పనికొస్తుంది, కాదనను. కానీ అది పోశాక లీకు ఎక్కడుందో వెతకడం నరకం. వెల్డింగ్ చేయించాలంటే లోపలంతా ఆ జిగురు కడగాలి. నాపరాయి పొడితో కలిస్తే బీడు దగ్గర గడ్డలు కడుతుంది.

ఇప్పుడు మూడు చక్రాలు వారం తర్వాత కూడా ఉదయం చలిలో ఒక పీఎస్ఐ లోపే తేడా చూపిస్తున్నాయి. నాలుగోది, రింగు వంగినది, ఇంకా రెండు దాకా దిగుతోంది. రింగు పూర్తిగా చదును కాలేదని నా అనుమానం. కొత్త రింగు కోయించడానికి లేత్ షాపులో ఇచ్చాను. అది వచ్చేదాకా ఆ చక్రం స్టెప్నీగా ఉంటుంది, క్వారీకి వెళ్ళేటప్పుడు చిన్న కంప్రెషర్ వెంట తీసుకెళ్తున్నాను.