కాణి గిరిజనుల ఆరోగ్యపచ్చ
చెన్నై తరమణిలో జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ బోర్డు చూసి, "ఇక్కడేం చేస్తారు మావయ్యా?" అని మా అక్క కొడుకు అడిగాడు. మొక్కల నుంచి, వాటి గురించిన జ్ఞానం నుంచి వచ్చే లాభంలో స్థానికులకూ వాటా దక్కేలా చూస్తారని చెప్పి, వాడికి కేరళ, తమిళనాడు సరిహద్దులోని అగస్త్యమలై కొండల్లో ఉండే కాణి గిరిజనుల గురించి చెప్పాను. 1987లో వాళ్లతో అడవికెళ్లిన శాస్త్రవేత్తలు అలసిపోతే, దారి చూపే కాణివాళ్లు మాత్రం ఏవో చిన్న కాయలు తింటూ హుషారుగా నడిచారట, ఆ కాయల మొక్కే ఆరోగ్యపచ్చ. దాంతో జీవని అనే మందు చేసి 1995లో ఒక కంపెనీకి ఇచ్చారు, లైసెన్సు ఫీజు, రాయల్టీల్లో సగం కాణులకే అన్నారు. అప్పటికింకా ఇలా వాటా ఇవ్వాలని చెప్పే జీవవైవిధ్య చట్టమే లేదు, అది 2002లో వచ్చింది! చాలా మంచి పనే, నాకెంతో గౌరవం. కానీ ఆ జ్ఞానం తరతరాలుగా వాళ్లదే కదా, సగమేనా అని వాడు అడిగాడు. నాకూ అదే బాధ.