చెరువు పిట్టల లెక్క ఎందుకు రాయాలి?

హైదరాబాదులో పక్షిపరిశీలకుల సంఘం 1980లో ఏర్పడింది. బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ అనే పేరుతో మొదలై, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా కొనసాగుతున్న ఈ సంఘం నెలనెలా సభ్యులనూ, ఆసక్తి ఉన్న కొత్తవారినీ చెరువులకూ అడవులకూ తీసుకువెళ్తుంది, నిపుణుల చేత ఉపన్యాసాలు ఇప్పిస్తుంది, ‘పిట్ట’ పేరుతో వార్తాపత్రిక వెలువరిస్తుంది. ఉదయపు నడకలు అందరి కంటా పడతాయి కనుక, సంఘం అంటే బైనాక్యులర్లు మెడలో వేసుకుని తిరిగే కొందరి కాలక్షేపమని చాలామంది అనుకుంటారు. ఆ నడకల్లో పాల్గొనే వ్యక్తిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఈ సంఘాలు చేసే పరిరక్షణకు పునాది అక్కడ రాసుకునే లెక్క.

లెక్క రాయడం నేర్చుకోవాల్సిన విద్యే. కొత్తగా వచ్చినవారికి తెల్లగా కనిపించే ప్రతిదీ కొంగే. ముక్కు నల్లగా, కాళ్లు నల్లగా, పాదాలు మాత్రం పసుపుపచ్చగా ఉంటే అది చిన్న తెల్లకొంగ అనీ, పశువుల వెంట తిరుగుతూ పసుపుపచ్చటి ముక్కుతో పొట్టిగా కనిపించేది వేరే జాతి అనీ పక్కన ఉన్న అనుభవజ్ఞులు ఓపికగా చూపిస్తారు. వందలాది బాతులు నీటి మీద గుంపుగా ఉన్నప్పుడు ఒక్కొక్కదాన్నీ లెక్కపెట్టడం సాధ్యం కాదు. అందుకని ముందు పది బాతులను లెక్కపెట్టి, అవి ఆక్రమించిన జాగా ఎంతో కంటితో పట్టుకుని, అలాంటి ముక్కలు గుంపు మొత్తంలో ఎన్ని ఉన్నాయో చూస్తారు. ఒకరు చూసి చెబుతుంటే మరొకరు రాసుకుంటారు. గుంపు మధ్యలో లేచి అవతలి ఒడ్డున వాలితే రెండోసారి లెక్కలోకి రాకుండా ఆ సంగతీ నమోదు చేస్తారు. ఎన్ని గంటలకు మొదలుపెట్టారు, ఎంత దూరం నడిచారు, గుర్తించిన జాతులన్నీ రాశారా లేదా అన్నవి కూడా అంతే ముఖ్యం, ఎందుకంటే పూర్తి జాబితాలో ఒక పిట్ట పేరు లేకపోవడం కూడా సమాచారమే.

ఇలా రాసిన జాబితాలు పక్షుల పరిశీలనలను నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లోకి చేరతాయి. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలో జరుగుతోంది. ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు ప్రపంచమంతటా జరిగే పెరటిపక్షుల గణనలో ఇంటి డాబా మీద నిలబడి పదిహేను నిమిషాలు చూసినా చాలు. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక సామాన్య పరిశీలకుల ఇటువంటి జాబితాల ఆధారంగానే 942 జాతుల స్థితిగతులను అంచనా వేసింది. మన పాలపిట్ట సంఖ్య తగ్గుతోందనీ, దాని పరిరక్షణ హోదాను తిరిగి పరిశీలించాలనీ అందులో సూచించారు. 1931-32లో నిజాం సంస్థానంలో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పక్షుల సర్వే జరిపి ఉండకపోతే, అప్పుడు ఏమి ఉండేదో ఇప్పుడు మాట్లాడుకోవడానికి మనకు ఆధారమే మిగిలేది కాదు.

ఈ లెక్క అసలు అక్కరకు వచ్చేది చెరువుల సుందరీకరణ జరిగే చోట. చెరువును బాగుచేయడమంటే చుట్టూ రాతికట్ట కట్టి, నడకదారి వేసి, అంచునున్న జమ్మును పీకేసి, లోపల ఒకే తీరున లోతుగా తవ్వడమే అన్న అభిప్రాయం బలంగా నాటుకుపోయింది. నీళ్లు నిండుగా కనిపిస్తాయి, చూపుకు అందంగానూ ఉంటుంది. కానీ ఉల్లంకి పిట్టలకు కావలసింది చీలమండ లోతు నీళ్లూ, పురుగులు దొరికే బురదా. నీటికోళ్లు గూడు కట్టేది జమ్ములో. ఏటవాలు ఒడ్డు పోయి నిటారు గోడ వచ్చిన చెరువులో నీటికాకులు కనిపిస్తూనే ఉంటాయి, ఒడ్డున మేసే పిట్టలు మాత్రం మాయమవుతాయి. పిట్టలు ఇంకా ఉన్నాయి కదా అని దారిన పోయేవారికి అనిపిస్తుంది. ఏ జాతి ఎప్పటి నుంచి రావడం లేదో ఏళ్ల తరబడి రాసిపెట్టిన జాబితా మాత్రమే చెప్పగలదు. గుర్రపుడెక్కను తీసేయాల్సిందే, మురుగునీటిని ఆపాల్సిందే, ఆ విషయంలో రెండో మాట లేదు. అయితే ఒక ఒడ్డునైనా లోతు తక్కువగా, బురదగా వదిలిపెట్టమని అధికారులను అడగడానికి మన చేతిలో ఉండేది ఆ జాబితాయే. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించినప్పుడు, పట్టణపు పొలిమేరలోని నీటివనరుకు కూడా అలాంటి గుర్తింపు సాధ్యమని తేలింది.

పండుగల సమయంలో చేయాల్సిన పని వేరు. దసరా నాడు పాలపిట్టను చూస్తే శుభమన్న నమ్మకాన్ని ఆసరా చేసుకుని కొందరు దాన్ని పట్టి, కాళ్లు కట్టేసి, ఎగరకుండా రెక్కలకు జిగురు పూసి పంజరంలో ఊరేగిస్తారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఇది నేరం. కట్టిన పిట్టను డబ్బిచ్చి చూడవద్దనీ, పొలాల మధ్య కరెంటు తీగ మీద స్వేచ్ఛగా కూర్చున్న పాలపిట్టను చూడటమే దర్శనమనీ చెబితే పెద్దలు కూడా కాదనరు. ఆ నమ్మకం పట్ల నాకు గౌరవమే ఉంది, జమ్మిచెట్టు దగ్గరకు వెళ్లివచ్చే దారిలో పిట్ట కోసం ఆకాశం వైపు చూసే అలవాటు ఇంకే జాతికీ దక్కని రక్షణ. సంక్రాంతికి నైలాన్ మాంజా సంగతి మరింత బాధాకరం. జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లోనే దాన్ని నిషేధించినా, పండుగ గడిచాక కూడా కొమ్మలకు వేలాడే దారాల్లో రెక్కలు తెగి చిక్కుకునే గబ్బిలాలూ గుడ్లగూబలూ కనిపిస్తూనే ఉన్నాయి. నూలుదారం చేసినట్లు అది ఎండకూ వానకూ తొందరగా చివకదు. కాబట్టి కాలనీల్లో ఆ దారాలను ఏరివేసే పనికి పిల్లలను పిలవాలి. పతంగులు ఎగరేసిన చేతులే అవి.

నీటిపక్షుల గణన కూడా దాదాపు ఆ రోజుల్లోనే వస్తుంది. ఉస్మాన్‌సాగర్, మంజీరా వంటి పేరున్న చోట్లకు వెళ్లడానికి సభ్యులు ముందుకు వస్తారు కానీ, ఊళ్ల పక్కనున్న చిన్న చెరువులను లెక్కపెట్టేవారు తక్కువ. కాబట్టి మీ ఇంటికి దగ్గరలో చెరువు ఉంటే, రానున్న జనవరిలో తెల్లవారే వేళకు ఒక పుస్తకం, పెన్ను తీసుకుని అక్కడికి వెళ్లండి. పేరు తెలియని పిట్టను ఫోటో తీసి సంఘంలో ఎవరికైనా చూపిస్తే గుర్తుపట్టి చెబుతారు; బైనాక్యులర్ లేకపోయినా ఒడ్డుకు దగ్గరగా మేసే పక్షులను లెక్కపెట్టవచ్చు.