లాప్‌టాప్ లేకుండా చిత్తూరు వెళ్లిన మూడు రోజులు

2010 జూలై. మామిడి గుజ్జు కొనే ఒక కంపెనీ తరఫున ఫ్యాక్టరీలకు వెళ్లి, సరుకు చూసి ఒప్పుకోవడం నా ఉద్యోగం. తోతాపురి సీజన్ మొదలైతే చిత్తూరు ప్రయాణం తప్పదు. ప్రతి ఏడూ భుజాన రెండున్నర కేజీల లాప్‌టాప్ సంచి కూడా తప్పేది కాదు. గుజ్జు ఫ్యాక్టరీలో నేలంతా తడి, మెట్ల మీద జిగురు. సంచి దించడానికి పొడి చోటు వెతుక్కోవడమే ఒక పని. ఆ ఏడాది దాన్ని ఇంట్లోనే వదిలేశాను. కొత్తగా కొనుక్కున్న నోకియా ఈ71 ఒక్కటీ జేబులో వేసుకుని సికింద్రాబాద్‌లో నారాయణాద్రి ఎక్కాను. రిపోర్టు మూడు రోజులూ ఫోన్లోనే రాసి పంపుతానని ఆఫీసులో చెప్పి మరీ బయల్దేరాను, కాబట్టి లోపల కాస్త టెన్షన్‌గానే ఉంది.

అది 2008లో వచ్చిన మోడల్. 127 గ్రాముల బరువు, వెనక స్టీలు మూత, రెండున్నర అంగుళాలు కూడా లేని తెర, దాని కింద పూర్తి కీబోర్డు. అదే ఏడాది ఆగస్టులో ఐఫోన్ మన దేశానికి 31 వేల రూపాయలకు వచ్చింది. షోరూంలో పట్టుకుని చూశాను, అందంగానే ఉంది. కానీ గుజ్జు అంటిన వేళ్లతో అద్దం మీద రాయడం నాకు కుదరదనిపించింది. ఈ ఫోన్‌లో నాకు బాగా నచ్చింది రెండు ముఖాల ఏర్పాటు. తెర మీద ఒక గుర్తు ఎంచుకుంటే మెయిలూ క్యాలెండరూ ఉన్న ఆఫీసు తెర, ఇంకోసారి ఎంచుకుంటే మన ఇంటి తెర. రాత్రి బెర్తు మీద పడుకుని క్విక్ ఆఫీసులో ఒక పట్టిక తయారు చేసుకున్నాను: డ్రమ్ము నంబరు, బ్రిక్స్, ఆమ్లం, పీహెచ్, రంగు. ఐదు గడులైతే పక్కకి జరపకుండా తెరలో పడతాయి. ఆరోది పెడితే పట్టదు.

పొద్దున తిరుపతిలో దిగి నేరుగా చిత్తూరు బస్సెక్కాను. డెబ్భై కిలోమీటర్ల దారి. ఆ రోజుల్లో ఆ దారిన ఎటు చూసినా మామిడికాయల ట్రాక్టర్లే. ఫ్యాక్టరీ గేటు బయట కాటా కోసం బారులు తీరి ఉన్నాయి. రాత్రంతా ట్రాలీ మీదే పడుకున్న రైతులు వేపచెట్టు కింద పళ్లు తోముకుంటున్నారు. లోపల పండు కడిగి, టెంక తీసి, గుజ్జు చేసి, వేడి చేసి చల్లార్చి, గాలి సోకకుండా సంచుల్లో నింపి డ్రమ్ముల్లో పెడతారు. డ్రమ్ముకి 215 కేజీలు.

నేను చూసేదాంట్లో ముఖ్యమైనది బ్రిక్స్, అంటే తీపి కొలత. తోతాపురికి కనీసం 14 ఉండాలి. దాన్ని కొలిచే రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం అద్దం మీద ఒక చుక్క గుజ్జు వేసి, మూత దించి, వెలుతురు వైపు పెట్టి కన్ను ఆనిస్తే లోపల పైన నీలం, కింద తెలుపు కనిపిస్తాయి. ఆ రెండూ కలిసే గీత ఏ అంకె మీద ఉంటే అదే లెక్క. ఇన్నేళ్లూ నేను చూసిన అంకెను కాగితం మీద రాస్తే, హైదరాబాద్‌లో వాళ్లు నా మాట నమ్మేవాళ్లు. ఆ రోజు కన్ను పెట్టే చోట ఫోన్ కెమెరా పెట్టాను. ఈ ఫోన్‌లో కెమెరా తెరిచాక టీ అక్షరం మీట నొక్కి పట్టుకుంటే ఫోకస్ కుదురుతుంది. మొదటి రెండు సార్లు మసక. చెయ్యి గోడకి ఆనించి, ఊపిరి బిగబట్టి మూడోసారి టీ నొక్కితే, గీత కత్తితో కోసినట్టు తెగింది. పదిహేను దాటి ఒక చిన్న గీత. ల్యాబ్‌లో పనిచేసే కుర్రాడు నా భుజం మీదుగా తొంగిచూసి, "సార్, ఇది మా రికార్డుకి కూడా పంపండి" అన్నాడు.

తీయడం ఒకెత్తు, పంపడం ఇంకొకెత్తు. త్రీజీ అప్పటికి మాలాంటి వాళ్ల చేతికి రాలేదు, ఉన్నది ఎడ్జ్ అనే నెమ్మది నెట్ మాత్రమే. నాలుగు ఫొటోలు, ఒక పట్టిక. మూడో ఫొటో దగ్గర మెయిల్ కదల్లేదు. ఫోన్ పట్టుకుని షెడ్డు దాటి, కాటా దాటి, వేపచెట్టు దాకా వచ్చాను. అక్కడ సిగ్నల్ రెండు గీతలు పెరిగింది. ఇరవై నిమిషాల తర్వాత 'పంపబడింది' అని చూసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి హైదరాబాద్ నుంచి జవాబు వచ్చేసింది, లాటు ఓకే అని. ఎప్పుడైనా ఆ మాట మర్నాడు మధ్యాహ్నానికి గానీ వచ్చేది కాదు. ఆ రాత్రే లారీ చెన్నై పోర్టుకి కదిలింది. డ్రైవరు టార్పాలిన్ తాళ్లు బిగిస్తుంటే నిలబడి చూశాను. ఒక పూట ఆదా అంటే ఏమిటో అప్పుడు కళ్లెదురుగా కనిపించింది.

అలాగని అన్నీ బాగున్నాయని చెప్పను. నలభై డ్రమ్ముల పట్టిక ఆ తెర మీద సరిచూడటం కళ్లకు శిక్ష. ఇరవై వరుసలు దాటితే ఏ అంకె ఏ డ్రమ్ముదో తప్పిపోతుంది. రిపోర్టు పేరా పేరాగా కొట్టేసరికి రెండు బొటనవేళ్లూ నొప్పులు. చిన్న పనులకు సరే, పెద్ద లెక్కలకు లాప్‌టాపే కావాలి.

చీకటిపడ్డాక తిరుపతి చేరాను. మా మామ అక్కడ తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయ్యారు. అత్త రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పెట్టింది. తింటూనే ఫోన్ గొప్పలన్నీ చెప్పాను. మామ చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, దాన్ని రెండు చేతుల్తో తీసుకున్నారు.

"ఏమిరా అబ్బయ్యా, దీంట్లో తెలుగు వస్తుందా?"

తెలుగు వికీపీడియా తెరిచాను. తెరనిండా డబ్బాలు, వరుసగా ఖాళీ చతురస్రాలు. అంకెలు మాత్రం మధ్యమధ్యలో కనిపిస్తున్నాయి. మామ కాసేపు పైకీ కిందకీ జరిపి చూసి, ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చేశారు. ఆ మౌనం నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఒక్కో అంకె కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటిచ్చారు. కానీ చోటుంటే చాలదు. గుణింతం ఎక్కడ కలవాలో, వత్తు ఎక్కడ దిగాలో ఫోన్‌కి తెలియాలి. అప్పట్లో చేతిలో పట్టే ఫోన్లలో చాలావాటికి ఆ విద్య రాదు. కారణం నాకు తెలుసు. అయినా నలభై ఏళ్లు పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషికి డబ్బాలు చూపించానే అన్న బాధ మాత్రం పోలేదు.

రెండో రోజు దామలచెరువు మామిడి మండీ. ఆ ల్యాబ్ కుర్రాడూ నాతో వచ్చాడు. నోకియా వాళ్లు ఆ జనవరిలోనే దారిచూపే మ్యాపుల్ని ఉచితం చేశారు. ముందే కార్డులోకి దించుకున్నాను కాబట్టి సిగ్నల్ లేని చోట కూడా బస్సు ఎక్కడుందో చుక్క కదులుతూ చూపించింది. మండీలో ఎటు చూసినా కాయల గుట్టలే: బేనీషా చివరి కాయలు, తోతాపురి, అప్పుడే మొదలైన నీలం. ఒక పెద్దాయన నా చేతిలో ఫోన్ చూసి, "ఏం నైనా, దీంట్లో రేపటి రేటు తెలుస్తుందా?" అన్నారు. తెలియదని చెప్పాను. తెలిస్తే ఎంత బాగుండేదో, ఆయన మొహం చూస్తే అర్థమైంది.

టీ అంగట్లో సన్న పిన్ను ఛార్జరు దొరికింది. అప్పట్లో ఏ ఊళ్లోనైనా దొరికేది అదొక్కటే. అక్కడ కూర్చుని ముందు రాత్రి సంగతి కుర్రాడికి చెప్పాను. "ఓపెరా మినీ ఉందా సార్?" అని ఫోన్ తీసుకున్నాడు. అడ్రస్ కొట్టే గడిలో ఓపెరా, కోలన్, కాన్ఫిగ్ అని కొట్టాడు. ఇంగ్లీషులో ఒక సెట్టింగుల పేజీ వచ్చింది. అట్టడుగున, క్లిష్టమైన లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలా అన్న వరుస. దాని ఎదురుగా ఉన్న 'నో'ని 'ఎస్' చేశాడు. అంతే. ఆ బ్రౌజర్‌లో ప్రతి పేజీ ముందు వాళ్ల సర్వర్‌కి వెళ్లి, కుదించుకుని ఫోన్‌కి వస్తుంది. ఇప్పుడు ఆ సర్వరే తెలుగు అక్షరాలను బొమ్మగా గీసి పంపుతుందన్నమాట. ఫోన్‌కి తెలుగు రాకపోయినా బొమ్మ చూపించడం వచ్చుగా. పేజీ నెమ్మదిగా దిగింది. వత్తులతో, దీర్ఘాలతో, ఒక్క డబ్బా కూడా లేకుండా తెలుగు! టీ చల్లారిపోయింది, నేను చదువుతూనే ఉన్నాను.

ఆ రాత్రి మామకి చంద్రగిరి పేజీ తెరిచి ఇచ్చాను. విజయనగర రాజులు ఒకప్పుడు రాజధాని చేసుకున్న ఊరి కథ. ఆయనకు తెలియనిది అందులో ఒక్క ముక్క కూడా ఉండి ఉండదు. అయినా పెదాలు కదుపుతూ మొదటినుంచి చివరిదాకా చదివారు. ఒక చోట ఆగి, "ఇక్కడ ఒత్తు తప్పు వేసినారు" అన్నారు. ఆ మాటతో నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

తర్వాత ఆయన అడిగింది నేను ఊహించలేదు. "వచ్చేది బొమ్మగా వస్తుంటే, పోయేది కూడా బొమ్మగా పోతుంది కదరా?" వాళ్లమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తోంది. ఉత్తరాలు రాయడం మానేసి ఏళ్లయింది, అన్నీ ఫోన్ మాటలే. మామ తెల్లకాగితం తీసి, ఇంకు పెన్నుతో, బ్లాక్‌బోర్డు మీద రాసినంత గుండ్రంగా ఒక పేజీ రాశారు. ట్యూబ్‌లైటు కింద బల్లమీద పెట్టి, మోచేతులు బల్లకి ఆనించి, టీ మీట నొక్కాను. రెండోసారికి అక్షరం అక్షరం తేలింది. మెయిల్ పెట్టాను.

మూడో రోజు తెల్లవారుజామున నాలుగింటికి అలిపిరిలో మెట్లెక్కడం మొదలుపెట్టాను. 3550 మెట్లు. గాలి గోపురం దాకా ఆయాసమే, తర్వాత దారి తేలిక, మళ్లీ మోకాళ్ల పర్వతం దగ్గర అసలు పరీక్ష. దారిలో ఒక్కసారి కూడా మెయిల్ చూడలేదు, చూడాలనిపించలేదు. కొండ మీద ఫోన్ గుళ్లోకి తీసుకెళ్లకూడదు. కౌంటర్లో ఇచ్చి టోకెన్ తీసుకున్నాను. మూడు రోజుల్లో మొదటిసారి జేబు ఖాళీగా అనిపించింది. క్యూలో అరగంట గడిచేసరికి ఆ ధ్యాసే లేదు. దర్శనం బాగా జరిగింది.

లడ్డూలు తీసుకుని, టోకెన్ ఇచ్చి ఫోన్ వెనక్కి తీసుకుని ఆన్ చేశాను. బెంగళూరు నుంచి మెయిల్. మరదలు ఆఫీసులో స్కాన్ చేసి పంపినట్టుంది, చేత్తో రాసిన కాగితం, రెండు పేజీలు. పైన 'నాన్నకు' అని ఉంది. అంతవరకే చదివి మామకి ఫోన్ చేశాను.

"మామా, జవాబొచ్చింది. చదివి వినిపించేదా?"

"చదవొద్దురా. బండికి ఇంకా టైముంది కదా, ఇంటికి తీసుకొచ్చెయ్. నేనే చదువుకుంటాను."

లడ్డూల సంచి చేత్తో పట్టుకుని కిందకి వెళ్లే బస్సు ఎక్కాను.