పక్క కారాయన మాట

"ఈ సైకిల్ లేన్లు పీకేస్తే గానీ మాకు దారుండదు" అన్నాడు కారాయన, అద్దం దించి మరీ. కెనడాలోని టొరంటోలో, బ్లూర్ స్ట్రీట్‌లో ఎర్ర లైటు దగ్గర నేను సైకిల్ మీదున్నాను. కోపంగా కాదులెండి, గోడు వెళ్లబోసుకున్నట్టే.

మా ఇద్దరి మధ్య ఉన్నదల్లా ఓ సన్నటి ప్లాస్టిక్ కడ్డీ. నడుం దగ్గర నల్లటి టైరు గీత, ఓ పక్కకి వంగిపోయి ఉంది. అది లేకపోతే ఆ గుద్దు ఎవరికి తగిలేదో!

బ్లూర్, యాంగ్, యూనివర్సిటీ వీధుల్లో ఈ లేన్లు తీసేయడానికి ఒంటారియో రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఏకంగా చట్టమే చేసింది. కార్ల లేన్ తగ్గించి కొత్తవి వెయ్యాలన్నా టొరంటో నగరం ఆ ప్రభుత్వాన్నే అడగాలని అప్పుడు అందులో పెట్టింది. 2025 జులైలో కోర్టు కుదరదంది. తీసేస్తే ప్రాణాలకు ముప్పు, ట్రాఫిక్ తగ్గుతుందనడానికి ఆధారమూ లేదంది. ప్రభుత్వం అప్పీలుకెళ్లింది.

ఆయన విసుగు నాకూ తెలుసు, నేనూ కారు నడుపుతాను. కానీ లేన్ పోయినంత మాత్రాన నేను మాయమైపోను కదా? ఆయన బంపర్ ముందే తొక్కుతుంటా. అదేం సుఖం ఆయనకి?

అయినా వీధిలో గీతలు కూడా క్వీన్స్ పార్క్‌లో కూర్చున్న ఒంటారియో ప్రభుత్వం వాళ్లే గీస్తామంటే, ఇక సిటీ కౌన్సిల్‌కి ఓట్లేయించుకోవడం దేనికో.