సంతకం దగ్గర ఆగిపోయిన నా డిసర్టేషన్ (నా అనుభవం)

ఎమ్మెస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) సెకండియర్‌లో హైదరాబాద్‌లో ఉండే ఎల్‌జీబీటీ (లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్‌జెండర్) వాళ్ళ జీవితాల మీద డిసర్టేషన్, అంటే కోర్సు చివర ఇచ్చే రీసెర్చ్ రిపోర్ట్, చేశాను. 2023 ఆగస్టులో మొదలుపెడితే తర్వాతి ఏడాది మే దాకా పట్టింది. ఇలాంటి టాపిక్ తీసుకోవాలనుకునే జూనియర్స్ ఎలా చేశావక్కా అని అడుగుతూనే ఉన్నారు, అందుకే గుర్తున్నంతవరకు రాస్తున్నా. ముందే ఒక మాట, నేను బయటి మనిషిని కాను. నాకు అమ్మాయిలంటేనే ఇష్టం, ఇంట్లో తెలీదు.

ప్రొపోజల్ రాయడం పెద్ద కష్టం కాలేదు. 2011 జనాభా లెక్కల్లో ఆడ, మగ కాకుండా 'ఇతరులు' అని మొదటిసారి లెక్కేశారు కదా, దేశం మొత్తం మీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. ఆ అంకెతోనే మొదలుపెట్టాను. తర్వాత ఒకావిడ చెప్పింది, లెక్కలకి వచ్చినాయన ఆవిడని ఒక్క ముక్క కూడా అడగలేదంట, గడప దగ్గరే నిలబడి మొహం చూసి ఏదో రాసుకుని వెళ్ళిపోయాడంట. ఆ రోజు నుంచి ఆ అంకెని నేను ఎక్కడ వాడినా "తక్కువలో తక్కువ" అని కలిపే రాశాను.

అసలు కష్టమంతా ఎథిక్స్ కమిటీ దగ్గర, మనుషుల మీద చేసే రీసెర్చ్‌కి అనుమతిచ్చేది అదే. మొదటిసారి తిప్పి పంపుతూ "వీళ్ళ తల్లిదండ్రుల అనుమతి పత్రం జతచేయలేదు" అని రాశారు. నేను మాట్లాడబోయే వాళ్ళంతా పద్దెనిమిది దాటినవాళ్ళు, కొందరు నలభై యాభై ఏళ్ళవాళ్ళు, చాలామందిని ఆ తల్లిదండ్రులే ఇంట్లోంచి పంపేశారు. కోపమొచ్చింది కానీ ఓపిగ్గా వివరంగా రాసిచ్చాను. రెండోసారి, మాట్లాడేవాళ్ళు ఒప్పుకున్నట్టు ఇచ్చే కన్సెంట్ ఫామ్‌లో పేరు, అడ్రస్, సంతకం, సాక్షి సంతకం ఉండాలన్నారు. సరే రూల్ అంటే రూలే కదా అని ఒప్పేసుకున్నాను, అక్కడే తప్పు చేశాను.

మొదటి ఇంటర్వ్యూ ఒక పెద్దక్కతో. హిజ్రా, వయసు అరవై పైనే ఉంటుంది, తన దగ్గర నలుగురు చేలాలు (శిష్యులు) ఉంటారు. టీ ఇచ్చింది, అంతా బాగానే మాట్లాడింది, ఫామ్ చేతికి ఇచ్చేసరికి పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయింది. "ఏ పేరుతోని పెట్టాలె బిడ్డా? ఆధార్ల ఉన్నదా, నాదా? ఆ పేరుతోని ముప్పై ఏండ్ల సంది నన్ను ఎవ్వరు పిలువలే" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి తనే మళ్ళీ అంది, "మా గురువు చెప్తుండె, వెనకట పోలీసోళ్ళు పేర్లు రాసుకుంటుండిరంట. ఒక్కసారి పుస్తకంల ఎక్కితె ఇగ ఏడ ఏం జరిగినా మనల్నే పట్టుకపోతుండిరంట."

ఆ రాత్రి కూర్చుని చదివితే తెలిసింది, అది ఊరికే చెప్పుకునే కథ కాదు. నిజాం కాలంలో 1329 ఫసలీలో, అంటే 1919లో, ఒక చట్టం చేశారు. హైదరాబాద్‌లో ఉండే హిజ్రాల్లో నేరాలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు, ఇళ్ళు రిజిస్టర్‌లో రాసిపెట్టాలి, ఆడబట్టలతోనో నగలతోనో వీధిలో కనబడితే వారెంట్ లేకుండానే అరెస్టు చేయొచ్చు. 2018లో ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి వాళ్ళు హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేస్తే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు ఆ చట్టం రాజ్యాంగానికి విరుద్ధం అని కొట్టేసింది, ట్రాన్స్‌జెండర్ వాళ్ళకి ఆసరా పెన్షన్ కూడా ఇవ్వమంది. అంటే ఆ చట్టం పోయిన కొన్ని నెలలకే నేను నా ఫామ్ పట్టుకుని "పేరు, అడ్రస్ రాయండి" అని వాళ్ళ ఇంటికెళ్ళాను. ఆ ఫామ్‌లన్నీ చించేశాను.

మూడోసారి కమిటీకి ఐసీఎంఆర్ (వైద్య పరిశోధనల కేంద్ర సంస్థ) 2017 గైడ్‌లైన్స్ చూపించాను. ప్రత్యేక పరిస్థితుల్లో, సరైన కారణం ఉంటే, కమిటీ అనుమతితో నోటిమాటగా కన్సెంట్ తీసుకుని దాన్ని రికార్డ్ చేసుకోవచ్చు అని అందులో ఉంది. మీరు ఇలాంటి టాపిక్ తీసుకుంటే ఇది మొదటిరోజే పెట్టేయండి, నాలాగా మూడు నెలలు పోగొట్టుకోకండి. పేరు బదులు వాళ్ళు ఎంచుకున్న పేరు, అడ్రస్ అసలు వద్దు, టైప్ చేయడం అయిపోగానే ఆడియో డిలీట్. అలా ఒప్పుకున్నారు.

మనుషుల్ని వెతకడం ఇంకో కథ. ఒకరి ద్వారా ఇంకొకరు అని వెళ్తే నాకు దొరికిన వాళ్ళలో ఎక్కువమంది ట్రాన్స్ మహిళలు, కోతీలే (మగవాళ్ళుగా పుట్టి, ఆడ తీరులో ఉంటూ మగవాళ్ళని ఇష్టపడేవాళ్ళు), ఎందుకంటే ఎయిడ్స్ నివారణ ప్రోగ్రామ్‌ల వల్ల వాళ్ళకి డ్రాప్-ఇన్ సెంటర్లు, పీర్ వర్కర్లు (వాళ్ళలోంచే వచ్చిన కార్యకర్తలు) ఉన్నారు, కనీసం కలిసే చోటు ఉంది. ఆడవాళ్ళని ఇష్టపడే ఆడవాళ్ళకి, ట్రాన్స్ మగవాళ్ళకి అదీ లేదు. ఏ ప్రోగ్రామ్ వాళ్ళని లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి వాళ్ళ మీద రీసెర్చ్ కూడా అంతంతమాత్రమే.

చివరికి ఒకమ్మాయి ఒప్పుకుంది, ఫోన్‌లోనే, రాత్రి అందరూ పడుకున్నాక మేడ మీదికెళ్ళి. వాటర్ ట్యాంక్ నిండి నీళ్ళు పొర్లుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది, మెట్ల మీద అడుగులు వినిపిస్తే చాలు కట్ చేసేసేది. మూడు రాత్రుల్లో కలిపి ఇరవై మూడు నిమిషాలు. నా ప్రశ్నల్లో పేపర్లలో రాసే 'స్వలింగ సంపర్కం' అనే మాట ఉంది, నేను అది చదివి వినిపించగానే తను గమ్మున అయిపోయింది. "అక్కా, ఆ మాటలో ఒట్టి ఒళ్ళే ఉంది. మా ఇద్దరికీ ఒక ఇంట్లో కలిసి ఉండాలని, అంతే" అంది. నాకు గొంతు పట్టేసింది, అది నా మాట కూడా. ఆ పదాన్ని ప్రశ్నల్లోంచి తీసేశాను.

ఇంకో పదం దగ్గర కూడా గొడవైంది. 'కోతీ' అని వాళ్ళు తమని తామే పిలుచుకుంటారు, నేను అలవాటులో 'కోతి' అని టైప్ చేశాను. గైడ్ గారు ఎర్ర పెన్నుతో కొట్టేసి "అవమానకరం, తీసేయండి" అని పక్కన రాశారు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ వాళ్ళ మాట తీసేసి మన మాట పెడితే అది ఇంకెవరి కథో అయిపోతుంది కదా, దీర్ఘం సరిచేసి మొదటి పేజీలోనే అర్థం రాశాను. శివశక్తులు (మగవాళ్ళుగా పుట్టి, దేవతకి అంకితమై ఆడ తీరులో ఉండేవాళ్ళు) అన్న మాటకి కూడా అలాగే, 2014లో సుప్రీంకోర్టు నాల్సా తీర్పులో (ట్రాన్స్‌జెండర్ వాళ్ళ హక్కుల్ని గుర్తించిన తీర్పు) ఆ పేరుందని చూపిస్తే అప్పుడు ఊరుకున్నారు.

దాదాపు అందరూ అడిగింది ఒకటే, "నీ చదువైపోతది, మాకేమొస్తది?" దానికి నేను చేయగలిగింది తెలుగులో ఒక కాగితం, రెండు వైపులా. ట్రాన్స్‌జెండర్ సర్టిఫికెట్‌కి 2019 చట్టం కింద నేషనల్ పోర్టల్‌లో అప్లై చేయడం, అఫిడవిట్ చాలు, ఒంటి పరీక్ష అడగకూడదు, కలెక్టర్ 30 రోజుల్లో ఇవ్వాలి (ఇది 2024 నాటి రూల్, అప్లై చేసేముందు ఇప్పటిది చూసుకోండి). మనసు బాగోకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. డాక్టర్ ఎవరైనా "నీ ఇష్టాన్ని, నీ జెండర్‌ని మార్చేస్తాం" అంటే దాన్ని వృత్తిపరమైన తప్పుగా లెక్కేయాలని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే అన్ని రాష్ట్రాల కౌన్సిళ్ళకీ రాసింది అన్న విషయం. మేజర్ అయిన అమ్మాయిని ఇంట్లో బంధిస్తే హైకోర్టులో హెబియస్ కార్పస్ (బంధించిన మనిషిని కోర్టు ముందుకి తెమ్మని అడిగే పిటిషన్) వేయొచ్చని, 2022 మేలో కేరళ హైకోర్టు అలా విడదీసిన ఇద్దరమ్మాయిల్ని కలిసి ఉండనిచ్చిందని. ఈ చివరిది ఆ మేడ మీద అమ్మాయి కోసమే రాశాను. ఫొటో తీసి పంపితే చూసి వెంటనే డిలీట్ చేసేసింది. వారం తర్వాత ఒక మెసేజ్, "అది మళ్ళీ పంపగలవా, ఈసారి తన నంబర్‌కి."

సబ్మిట్ చేసేముందు పెద్దక్క దగ్గరికి వెళ్ళి తను చెప్పినదంతా చదివి వినిపించాను. రెండు చోట్ల ఆపి మార్పించింది, ఒక చేలా గురించి చెప్పింది తీసేయమంది, తీసేశాను. అంతా అయ్యాక ఇందులో మీకు ఏ పేరు పెట్టమంటారక్కా అని అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పింది. ఆ పేరు తన గురువుదంట.