కుర్చీ దిగకుండా పెట్టిన కుచ్చుటోపీ

కౌబాయ్ కథల్లో హీరో ఏం చేస్తాడో మనకు కంఠతా వచ్చు. గుర్రం ఎక్కుతాడు, తుపాకీ తీస్తాడు, చివర్లో దుమ్ము రేపుకుంటూ ఊరు దాటేస్తాడు. 1958 నవంబరు 23, ఆదివారం రాత్రి అమెరికాలో ఏబీసీ టీవీ వాళ్లు వేసిన 'మేవరిక్' అనే కౌబాయ్ సీరియల్ ఎపిసోడ్‌లో మాత్రం హీరో ఊళ్లోనే ఓ కుర్చీ వేసుకుని చెక్క చెక్కుతూ కూర్చుంటాడు. కథలో ఎక్కువ భాగం ఆయన చేసే పని అదే. అయినా ఈ సీరియల్ అభిమానుల్లో ఎవర్ని అడిగినా ముందుగా చెప్పే పేరు ఈ ఎపిసోడ్‌దే: 'షేడీ డీల్ ఎట్ సన్నీ ఏకర్స్'.

కథ చిన్నదే. బ్రెట్ మేవరిక్ (జేమ్స్ గార్నర్) పేకాటలో 15,000 డాలర్లు గెలుస్తాడు. రాత్రిపూట అంత డబ్బు జేబులో పెట్టుకుని తిరగడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కాబట్టి, ఇంకా దీపం వెలుగుతున్న బ్యాంకు తలుపు తట్టి బేట్స్ అనే బ్యాంకరుకు అప్పగిస్తాడు. తెల్లారి వెళితే బేట్స్ మొహం తిప్పేస్తాడు. ఏ డబ్బు? నువ్వెవరు? ఊళ్లో బేట్స్ పరువుగల మనిషి, బ్రెట్ పొరుగూరి పేకాటరాయుడు. ఊరు ఎవరి మాట నమ్ముతుందో వేరే చెప్పాలా? సాక్షి లేకుండా, నోటు రాయించుకోకుండా చేబదులిచ్చి తిప్పలు పడ్డవాళ్లకు ఈ సీను విడమరచి చెప్పక్కర్లేదు. పైగా కథాకాలం పంతొమ్మిదో శతాబ్దం. అమెరికాలో బ్యాంకు డిపాజిట్లకు ప్రభుత్వ బీమా వచ్చిందే 1933లో. అప్పటిదాకా బ్యాంకరు మంచితనమే మన పూచీకత్తు. బ్యాంకరునే నమ్మకపోతే ఇంకెవర్ని నమ్ముతారు అనే మాట బేట్స్ నోటినుంచే వస్తుంది, అదీ మొహంలో ఏ మార్పూ లేకుండా.

నా డబ్బు నేను రాబట్టుకుంటానని బ్రెట్ నలుగురికీ వినపడేలా చెప్పేసి, బ్యాంకుకు ఎదురుగా ఉన్న వరండాలో కుర్చీ వేసుకుంటాడు. చేతిలో చాకు, కర్రముక్క. ఊరివాళ్లు దారిన పోతూ, ఏమయ్యా, ఎంతదాకా వచ్చింది నీ వ్యవహారం అని ఎకసెక్కంగా అడుగుతుంటారు. ఆయన ఇచ్చే జవాబు ఒక్కటే: "ఆ పనిమీదే ఉన్నాను."

ఈ ఒక్క వాక్యం మీద ఎపిసోడ్ అంతా ఎలా నిలబడిందో కాస్త దగ్గరగా చూడాలి. ఒకే మాటను పదేపదే చెప్పించి నవ్వించడం పాత చిట్కానే, కానీ సాధారణంగా మూడోసారికే అది పులిసిపోతుంది. ఇక్కడ పులియదు. మాట మారదు గానీ, దాని వెనకున్న నిజం మారుతూ ఉంటుంది. మొదటిసారి విన్నప్పుడు మనకూ ఊరివాళ్లలాగే అనుమానం, వీడికి పిచ్చెక్కిందేమోనని. తర్వాత తమ్ముడు బార్ట్ (జాక్ కెల్లీ) పెద్ద షేర్ల వ్యాపారి వేషంలో ఊళ్లో దిగుతాడు. అక్కడినుంచి ఆ వాక్యం అక్షరాలా నిజం. బ్రెట్ అబద్ధమే ఆడడు. నిజం చెబుతుంటే వినేవాళ్లు పగలబడి నవ్వుతుంటారు, వాళ్లను చూసి మనం నవ్వుతాం. జోకు ఎవరి మీద అన్నది మధ్యలో చడీచప్పుడు లేకుండా చేతులు మారింది.

చాకు సంగతీ చెప్పాలి. నటుడి చేతికి ఏదో పని ఇస్తే మాట సహజంగా వస్తుందని నాటకాల వాళ్లకు తెలుసు. ఇక్కడ ఆ కర్రముక్క అంతకన్నా ఎక్కువ పని చేస్తుంది. చెక్కే మనిషి చూపు చేతి మీదే ఉంటుంది, కాబట్టి తలెత్తకుండా జవాబివ్వొచ్చు. గార్నర్ ఆ జవాబులో వెటకారం కలపడు, కన్ను గీటడు, చిన్న నవ్వు కూడా విసరడు. అడిగినదానికి మర్యాదగా బదులిచ్చి మళ్లీ చెక్కుకుంటాడు. ఇదే పాత్రలో కాస్త అతి చేసే నటుణ్ని ఊహించుకోండి. బేట్స్‌కు ఎపిసోడ్ సగంలోనే అనుమానం వచ్చేది.

ఇక టోపీ సంగతి. ఏ ఊళ్లో ఏ కాలంలో చూసినా పెద్ద మోసానికి అంచెలు ఇంచుమించు ఇవే. ముందు ఎర: మన దగ్గర డబ్బు కాసే చెట్టుందని అవతలివాడికి తెలియాలి, కానీ మనం చెప్పినట్టు ఉండకూడదు. తర్వాత నమ్మకం: చిన్న మొత్తం పెట్టించి లాభంతో సహా రొక్కం చేతిలో పెట్టాలి. అధిక వడ్డీ ఆశ చూపి, మొదటి మూడు నెలలూ తేదీ తప్పకుండా ఇచ్చి, నాలుగో నెల బోర్డు తిప్పేసే కంపెనీలు చేసేదీ ఇదే. ఆ తర్వాత తొందర: పెద్ద అవకాశం, చిన్న గడువు, ఆలోచించుకునే వ్యవధి లేకుండా. చివరగా, మోసపోయినవాడు పోలీసు దగ్గరికి వెళ్లలేని పరిస్థితి కల్పించాలి. చేయి తిరగనివాళ్లు దెబ్బతినేది ఈ చివరి అంచెలోనే. డబ్బు దండుకోవడం వస్తుంది గానీ బయటపడే దారి కట్టుకోవడం రాదు.

ఈ ఎపిసోడ్‌లో ఆ చివరి అంచెను బేట్స్ అత్యాశే కట్టిపెడుతుంది. షేర్లలో లాభం రుచి చూశాక సొంత డబ్బు చాలక డిపాజిటర్ల సొమ్ము తీసి పెడతాడు. అది పోయాక ఎవరితో ఏమని చెప్పుకుంటాడు? చెబితే తన దొంగతనమే ముందు బయటపడుతుంది. బ్రెట్ మీద వేలు చూపిద్దామన్నా, అన్ని రోజులూ ఆయన ఊరందరి కళ్లెదుట కుర్చీలోనే ఉన్నాడు. అంటే ఆ కుర్చీ సోమరితనం కాదు, సాక్ష్యం. నేరం జరుగుతున్నప్పుడు నేను అక్కడ లేనని నిరూపించుకోవడానికి మామూలు వాడికి ఒకరిద్దరు సాక్షులు చాలు. బ్రెట్‌కు ఊరు ఊరంతా సాక్షే, అదీ రోజూ వచ్చి ఎగతాళి చేసిపోయిన సాక్షులు. మోసగాళ్లకు మోసగాడు అని మనవాళ్లు ఊరికే అనలేదు. మరో సంగతి: బ్రెట్ తన 15,000 తనకు దక్కించుకున్నాక ఊరివాళ్ల సొమ్ము మీద ఆశ పెట్టుకోడు. లేకపోతే ఇది హాస్యకథ అయ్యేది కాదు, ఇద్దరు దొంగల కథ అయ్యేది.

బార్ట్ వెంట దిగిన ముఠా అసలు విందు. డాండీ జిమ్ బక్లీ (ఎఫ్రెమ్ జింబలిస్ట్ జూనియర్), సమాంతా క్రాఫోర్డ్ (డయాన్ బ్రూస్టర్), బిగ్ మైక్ మెకోంబ్ (లియో గోర్డన్), జెంటిల్మన్ జాక్ డార్బీ (రిచర్డ్ లాంగ్), సిండీ లూ బ్రౌన్ (ఆర్లీన్ హోవెల్, ఆ ఏటి మిస్ యూఎస్ఏ). వీళ్లంతా అంతకుముందు ఎపిసోడ్లలో విడివిడిగా వచ్చినవాళ్లే, చాలామంది మేవరిక్ సోదరులతో పేచీ పడ్డవాళ్లే. ఇప్పుడు అందరూ ఒకే జట్టు. వారం వారం విడికథలు నడిచే ఆ రోజుల్లో, నిన్నటి పాత్ర ఇవాళ గుర్తుండటమే అరుదు. అలాంటిది ఐదుగుర్ని ఒకే గంటలోకి తేవడం పెద్ద సాహసం. ఈ ఎపిసోడ్‌లో ఉన్న లోపం కూడా అక్కడే ఉంది. పాతవి చూడకుండా నేరుగా ఇది చూస్తే, ఒక్కొక్కరి ప్రవేశం దగ్గర రావలసిన నవ్వు రాదు. ఎవరో దిగారు, ఏదో వేషం కట్టారు అనిపిస్తుంది, అంతే.

కాబట్టి ముందు నాలుగు చూడండి. మొదటి ఎపిసోడ్ 'వార్ ఆఫ్ ది సిల్వర్ కింగ్స్' (1957 సెప్టెంబరు 22) బిగ్ మైక్ కోసం, 'అకార్డింగ్ టు హోయిల్' (అక్టోబరు 6) సమాంతా కోసం, 'స్టాంపీడ్' (నవంబరు 17) బక్లీ కోసం, రెండో సీజన్‌లోని 'ఏలియస్ బార్ట్ మేవరిక్' (1958 అక్టోబరు 5) డార్బీ, సిండీ లూల కోసం. తీరిక లేకపోతే సమాంతాది ఒక్కటైనా వదలొద్దు.

బేట్స్‌గా వేసిన జాన్ డేనర్ గురించి ఒక తమాషా. సరిగ్గా ఇదే ఆదివారం సీబీఎస్ రేడియోలో 'హావ్ గన్ విల్ ట్రావెల్' మొదలైంది. అందులో న్యాయం కోసం తుపాకీ పట్టే పాలడిన్ గొంతు ఈయనదే. ఒకే రోజు రేడియోలో ధర్మరాజు, టీవీలో శకుని.

అసలు ఇద్దరు అన్నదమ్ములు ఎందుకొచ్చారన్నది లెక్కల వ్యవహారం. గంట ఎపిసోడ్ తీయడానికి ఎనిమిది రోజులు పట్టేది, వారానికున్నవేమో ఏడు. ఒక్క హీరోతో నడిపితే ప్రతి వారం ఒక రోజు అప్పు పెరుగుతూ పోతుంది. అందుకే సృష్టికర్త రాయ్ హగిన్స్ రెండో సోదరుణ్ని తెచ్చాడు. రెండు యూనిట్లు ఏకకాలంలో రెండు వేర్వేరు కథలు తీసేవి. కెల్లీ తొలిసారి కనిపించింది 1957 నవంబరు 10న. ఇద్దరూ కలిసే కథ అంటే నిర్మాతకు ఖర్చుతో కూడిన వ్యవహారమే. హగిన్స్ స్వయంగా రాసిన ఈ స్క్రిప్టులో, పరిగెత్తే పనంతా బార్ట్‌కు, కూర్చునే పనంతా బ్రెట్‌కు. ఒకే వరండా, ఒకే కుర్చీ కాబట్టి గార్నర్ సీన్లు వరసపెట్టి చకచకా తీసేయడానికి అనువుగా ఉంటాయి. షూటింగు ఇబ్బందిలోంచి పుట్టిన ఏర్పాటే ఇక్కడ కథాశిల్పం అయిందని నాకు గట్టి నమ్మకం. దర్శకుడు లెస్లీ మార్టిన్సన్ కెమెరాతో గారడీలు చేయకుండా ఆ వరండాను నమ్ముకున్నాడు, మంచి పని చేశాడు.

ఆ సీజన్ రేటింగుల్లో మొదటి పదిలో ఏడు వెస్టర్న్‌లే, అంటే కౌబాయ్ కథలే. మొదటి స్థానం 'గన్‌స్మోక్'ది, ఆరో స్థానం 'మేవరిక్'ది. అందరూ తుపాకీ తిప్పుతున్న బజారులో, ధైర్యం తక్కువ తెలివి ఎక్కువ అన్న హీరోను అమ్మాలంటే ఆ తెలివి నిజమైనదై ఉండాలి. ఈ సీరియల్‌లో అది నిజమైనదే. 1958 జనవరి 19న వచ్చిన 'రోప్ ఆఫ్ కార్డ్స్'లో బ్రెట్ ఒక ఆట చూపిస్తాడు: కట్టలోంచి కళ్లు మూసుకుని 25 ముక్కలు తీసి, వాటిని ఐదేసి చొప్పున ఐదు చేతులుగా పేర్చాలి. ప్రతి చేతిలోనూ వరసో, ఒకే రంగో (అంటే అన్నీ ఇస్పేట్లో, అన్నీ ఆటీన్లో, అలా), ఫుల్ హౌసో (ఒకే అంకెవి మూడు, మరో అంకెవి రెండు), లేదా అంతకు పైదో పడాలి. జరగని పని అనిపిస్తుంది గానీ నూటికి దాదాపు 98 సార్లు కుదురుతుంది. ఇంట్లో ప్రయత్నించేవాళ్లు ముందు ఇస్పేటు, ఆటీను, కళావరు, డైమన్ విడివిడిగా పరుచుకోండి. ఒక్కో రంగులో ఐదేసి తీసేస్తూ పోతే ఎక్కువలో ఎక్కువ నాలుగేసి మిగులుతాయి, నాలుగు రంగుల్లో కలిపి 16. తక్కిన ముక్కలు కనీసం తొమ్మిది, అవి ఐదుల లెక్కలో ఇమడాలి కాబట్టి కనీసం పది. అంటే ఏ ముక్కలు పడ్డా రెండు చేతులు ఒకే రంగువి ఖాయం. చిక్కు మిగతా మూడింటితోనే. చాలామంది తప్పు చేసేది, వచ్చిన రంగులన్నీ తొందరపడి కట్టేసి, వరసకు కావలసిన ముక్కను అందులో ఇరికించేయడం. కుదరకపోతే ఒక రంగు చేతిని విప్పి మళ్లీ పేర్చండి.

1973లో వచ్చిన 'ది స్టింగ్' సినిమా మరుసటేడు ఆస్కార్లు కొట్టినప్పుడు, ఇది ఎక్కడో చూశామే అని 'మేవరిక్' అభిమానులు అనుకోవడంలో వింతేమీ లేదు. ముఠా కట్టి, దొంగ వ్యాపారం నడిపి, ఘరానా దొంగను ముంచే కథ అక్కడా అదే. కుర్చీ మాత్రం అక్కడ లేదు.

ఇదే మార్టిన్సన్ తీసిన 'గన్ షై' సరిగ్గా ఏడు వారాల తర్వాత, 1959 జనవరి 11న వచ్చింది. అది 'గన్‌స్మోక్'ను మొహం మీదే వెక్కిరించే ఎపిసోడ్. నవ్వులు అందులో ఎక్కువ ఉన్నమాట నిజమే గానీ, 'గన్‌స్మోక్' చూడనివాడికి సగం అర్థం కాదు. 'షేడీ డీల్' రెండోసారి చూసేటప్పుడు బార్ట్ ముఠాను వదిలేసి వరండా దగ్గర ఆగే ఊరివాళ్ల మొహాలు గమనించండి. గార్నర్ చేతిలోని కర్రముక్క సన్నబడేకొద్దీ వాళ్ల నవ్వు ఎక్కడెక్కడ సన్నబడుతుందో కనిపెట్టడం మంచి కాలక్షేపం.