తోటి వేషం నాడు పుట్టిన పిల్ల

డాలస్‌లో మావాడి సాకర్ క్లబ్బుకి ఏడాదికి మూడు వేల డాలర్లు కడుతున్నాం. బూట్లు, ప్రయాణాలు వేరే. శనివారం పొద్దున్నే రెండు గంటలు కారు నడిపి, మడత కుర్చీ వేసుకుని గట్టున కూర్చుని అరిచే అమ్మల్లో నేనూ ఒకదాన్ని. అందుకే కాబోలు, జూన్‌లో చంద్రగిరి వస్తూ, మా నాయన ఇంటి దగ్గర బడి మైదానంలో కబడ్డీ ఆడే పిల్లల కోసం రెండు పెట్టెల బూట్లు మోసుకొచ్చాను. పంచుతూ ఫొటో కూడా తీయించుకున్నాను. ఆ ఫొటో ఇప్పుడు ఎవరికీ చూపించను.

డ్రిల్లు అయ్యవారు రిటైరయ్యారు గానీ ఈల మాత్రం మెడలోంచి తీయలేదు. "మట్టిలో కబడ్డీకి బూట్లెందుకుమ్మా? బడికేసుకుంటారులే" అని నవ్వి, "చేతనైతే ఆ పాప సంగతి చూడు" అన్నారు.

ఆ పాపది యానాది గిరిజన కుటుంబం. ఇటుక బట్టీ దగ్గర గుడిసెలో పుట్టింది. మావాడు మొదటిరోజు కూతకెళ్లి గీత దాటాడో లేదో, చీలమండ పట్టి కింద పడేసింది. ముప్పై సెకన్ల కూతలో వాడికి ఐదు సెకన్లు కూడా దక్కలేదు. వాడికి తెగ నచ్చింది. మర్నాటి నుంచి ఐదున్నరకే లేచి మైదానానికి పోయాడు. అమెరికాలో నేను లేపితే లేవని వెధవ.

సంగతేమిటంటే, బడి పోటీలు అండర్ 14, 17, 19 అని వయసును బట్టి జరుగుతాయి. పుట్టిన సర్టిఫికెట్ కావాలి, ఈ పిల్లకి లేదు. బడి రిజిస్టర్‌లో జూన్ 1 అని ఉంది. ఆ తరగతిలో ఇంకా కొందరు అదే రోజు పుట్టారట! చేర్చుకునేటప్పుడు ఎవరో వేసేసిన తేదీ. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసు రుజువు లేదని ఏ బడీ పిల్లని వెనక్కి పంపకూడదు. మంచిదే. బడికి అడ్డం రాని కాగితం ఆట దగ్గర అడ్డం పడింది.

వాళ్లమ్మని అడిగితే, "గంగజాతరలో తోటి వేషం నాడు పుట్టిందమ్మా. అప్పటికి దీని అన్న పాకతా వుండాడు" అంది. తిరుపతి గంగమ్మ జాతరలో రోజుకో వేషం వేస్తారు, తోటి వేషం వాటిలో ఒకటి. మావాడు నా వైపు చూశాడు. పుట్టినరోజుకి నెల ముందే అతిథుల జాబితా రాసుకునే వాడికి ఇదేం లెక్కో అర్థం కాలేదు.

మా నాయనకి అర్థమైంది. బీరువా వెనక నుంచి పాత టీటీడీ క్యాలెండర్లు దించాడు, పాల లెక్కలు రాసుకున్నవి. తిరుపతి జాతరకి పోయిన ప్రతి రోజుకీ సున్నా చుట్టి ఉంది. అన్న ఆస్పత్రిలో పుట్టాడు కాబట్టి వాడి తేదీ తెలుసు, దాన్నిబట్టి సంవత్సరం దొరికింది. ఇక రోజు. జాతర చాటింపు అయ్యాక బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని తాతా మనవడూ వేళ్లు మడిచి లెక్కపెట్టారు. బండ వేషగాడు జనాన్ని బూతులు తిట్టొచ్చనీ, ఎవరూ ఏమీ అనుకోరనీ తెలిశాక మావాడు ఆ వేషం దగ్గరే అరగంట ఆగిపోయాడు. వాడికి తెలుగు అంకెలూ తిథులూ నేర్పాలని ఆదివారం క్లాసులకి నేను పోసిన డబ్బు గుర్తొచ్చింది.

తేదీ తేలినంత మాత్రాన కాగితం రాదు. పుట్టిన ఏడాదిలోపు నమోదు చేయకపోతే 1969 నాటి చట్టం కింద కోర్టు మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాల్సి వచ్చేది. 2023 సవరణతో ఆ పని కలెక్టరు, ఆర్డీవో స్థాయికి మారింది. కోర్టు మెట్లు తప్పాయి గానీ అర్జీ, అఫిడవిట్, విచారణ అన్నీ ఉంటాయి. ఒక్కో తిరుగుడుకీ వాళ్లమ్మకి ఒక రోజు కూలి పోతుంది. కూలి డబ్బు, ఆటో ఖర్చు నేను ఇచ్చాను. బూట్లకి పెట్టినదాంట్లో పదో వంతు కూడా కాలేదు.

మేం బయల్దేరే ముందు రోజు ఆ పిల్ల మావాణ్ణి అడిగింది: "నువ్వు పుట్టిన దినం నీకెవురు చెప్పినారు?" వాడు "అమ్మ" అన్నాడు. "నాకూ మాయమ్మే చెప్పింది" అంది.

మొన్న అయ్యవారు ఫోన్ చేశారు. ఫైలు ఇంకా విచారణలోనే ఉందట. పిల్ల రోజూ మైదానానికి వస్తోందట. నేనిచ్చిన బూట్లు ఒక సైజు పెద్దవి, ముందు గుడ్డ కుక్కుకుని బడికి వేసుకుపోతోందట.